ఓటుకు ఒక తేదీ, వాటాకు ఇంకో తేదీ

మా అమ్మమ్మది భీమిలి దగ్గర పల్లె. బతికున్నంతకాలం తాతయ్య పేరు పైకి పలకలేదు. ఓటు వెయ్యడానికి వెళ్ళినప్పుడు పోలింగు గుమస్తా భర్త పేరు అడిగితే, వెనక నిలబడ్డ ఆవిడ చేత చెప్పించేదట. ఆ పేరు అమ్మమ్మ నోట రాదు. ఆ పేరు చెప్పకపోతే జాబితాలో ఆవిడ ఎవరో తేలదు. మా ఇంట్లో ఎన్నిసార్లో చెప్పుకున్న కథ ఇది. మొదటి సాధారణ ఎన్నికల చరిత్ర చదివాక గానీ ఇది ఒక్క మా ఇంటి కథ కాదని నాకు తెలియలేదు.

1951-52 ఎన్నికల కోసం ఓటర్ల పేర్లు రాసుకోవడానికి ఇంటింటికీ వెళ్ళిన సిబ్బందికి చాలాచోట్ల ఆడవాళ్ళు తమ పేరు చెప్పలేదు. ఫలానావాడి భార్యననో, ఫలానావాడి తల్లిననో చెప్పారు. సొంత పేరు లేకపోతే ఓటు లేదని ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ గట్టిగా పట్టుబట్టారు. దేశంలో సుమారు 8 కోట్ల మంది స్త్రీ ఓటర్లుంటే, అలా పేరు చెప్పని దాదాపు 28 లక్షల మందిని జాబితా నుంచి తీసేశారు. వాళ్ళలో ఎక్కువమంది బీహార్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ లాంటి ఉత్తరాది రాష్ట్రాలవాళ్ళు. మన వైపు అంత నష్టం జరగలేదు. అయినా రాజ్యాంగం ఇచ్చిన హక్కు మనిషి దాకా రావాలంటే మధ్యలో ఒక కాగితం, దాని మీద ఆమె పేరు ఉండాలన్న సంగతి ఈ దేశం మొదటి ఎన్నికల్లోనే చూసింది.

ప్రజాస్వామ్యం వచ్చాక ఆడవాళ్ళకు హక్కులు వచ్చాయా, రాలేదా అని వాదించుకునేటప్పుడు మనం అన్నింటినీ ఒకే మూటలో కట్టేస్తాం. కొందరు అన్నీ వచ్చేశాయంటారు, కొందరు ఏమీ రాలేదంటారు. నిజానికి ఒక్కో హక్కు ఒక్కో తేదీన వచ్చింది. ఒక్కోదానికి ఒక్కో చట్టం, ఒక్కో ఆఫీసు. కొన్నింటికి ఇప్పటికీ తేదీ పడలేదు. ఆ చిక్కుముడిని విశాఖలో ఉండి చూస్తే ఎలా కనిపిస్తుందో చెప్పాలని ఈ ప్రయత్నం.

స్వాతంత్ర్యానికి ముందు విశాఖపట్నం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆడవాళ్ళకు ఓటివ్వడానికి 1921లోనే ఒప్పుకున్న శాసనమండలి మద్రాసుది. అయితే ఆ ఓటు ఆస్తి ఉన్నవాళ్ళకే. ఆస్తి ఉన్న ఆడవాళ్ళు ఎందరుంటారు? 1935 చట్టం ఆ గీతను కొంత సడలించి, చదువొచ్చిన స్త్రీలకు, ఆస్తిపరుల భార్యలకు, వితంతువులకు కూడా ఓటిచ్చింది. అంటే ఎక్కువమందికి ఓటు వచ్చింది భర్త ఆస్తిని బట్టే. 1950 నాటి రాజ్యాంగం ఆ తాడును ఒక్కసారిగా తెంపేసింది. 21 ఏళ్ళు నిండితే చాలు, ఆడైనా మగైనా ఓటే. ఇది చిన్న విషయం కాదు. ఇదే హక్కు స్విట్జర్లాండ్ ఆడవాళ్ళకు దేశవ్యాప్తంగా 1971లో గానీ రాలేదు.

ఓటు అంత సులువుగా వచ్చినప్పుడు మిగతావి ఎందుకు రాలేదు? అసలు ముడి ఇక్కడే ఉంది. 14, 15, 16 అధికరణాలు సమానత్వం ఇచ్చాయి, కానీ ముఖ్యంగా ప్రభుత్వం వివక్ష చూపకూడదని చెప్పడానికి ఇచ్చాయి. పెళ్ళి, విడాకులు, వారసత్వం మాత్రం మతాన్ని బట్టి నడిచే వ్యక్తిగత చట్టాల కింద ఉండిపోయాయి. ఆ చట్టాలను ప్రాథమిక హక్కుల గీటురాయి మీద పరీక్షించడం కుదరదని బొంబాయి హైకోర్టు 1951లోనే నరసు అప్పా మాలి కేసులో చెప్పింది. రాజ్యాంగం వీధి దాకా వచ్చి ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఇల్లు మారాలంటే శాసనసభలు ఒక్కో చట్టాన్నీ విడివిడిగా మార్చుకుంటూ రావాలి. అందుకే ఇన్ని తేదీలు.

ఈ విషయంలో మద్రాసు కొంచెం ముందే నడిచింది. హిందువుల్లో రెండో పెళ్ళిని నిషేధించి విడాకులకు వీలిచ్చే చట్టం అక్కడ 1949లో వచ్చింది. కాబట్టి విశాఖలో ఉన్న హిందూ స్త్రీకి ఆ రక్షణ దేశమంతటికీ 1955లో వచ్చిన హిందూ వివాహ చట్టం కంటే ముందే దొరికింది. ఢిల్లీలో మాత్రం హిందువుల పెళ్ళి, విడాకులు, వారసత్వ చట్టాలను మార్చే హిందూ కోడ్ బిల్లు ఏళ్ళ తరబడి నలిగింది. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి రాజ్యాంగ సభలోని 15 మంది స్త్రీలలో ఒకరు. ఆ బిల్లు పక్షాన నిలబడ్డారు. బిల్లు ముందుకు సాగక అంబేద్కర్ 1951లో మంత్రి పదవికి రాజీనామా చేశారు. చివరికి దాన్ని ముక్కలు చేసి 1955, 56లలో నాలుగు చట్టాలుగా తెచ్చారు. ముస్లిం, క్రైస్తవ స్త్రీల దారి వేరు, వాళ్ళ తేదీలూ వేరు. క్రైస్తవ స్త్రీకి విడాకుల విషయంలో భర్తతో సమానమైన కారణాలు 2001 సవరణతో గానీ దక్కలేదు.

గుమ్మం దాటడానికి మన హైకోర్టు ఒకసారి గట్టిగా ప్రయత్నించింది. కాపురానికి రమ్మని భార్యను కోర్టు ద్వారా బలవంతపెట్టే, హిందూ వివాహ చట్టంలోని సెక్షన్ 9 రాజ్యాంగ విరుద్ధమని 1983లో సరిత కేసులో జస్టిస్ పి.ఎ. చౌదరి కొట్టేశారు. స్త్రీ శరీరం మీద నిర్ణయం ఆమెదేనన్నది ఆ తీర్పు సారం. మరుసటి సంవత్సరమే సుప్రీంకోర్టు అది తప్పంది. ఆ సెక్షన్ ఇప్పటికీ పుస్తకంలో ఉంది.

ఆస్తి సంగతి కొంచెం నెమ్మదిగా చూడాలి, ఎందుకంటే జనం ఎక్కువగా పొరపడేది ఇక్కడే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం రెండు పనులు చేసింది. అంతకు ముందు వితంతువుకు వచ్చే ఆస్తి బతికున్నంతవరకు అనుభవించడానికే, అమ్ముకునే హక్కు ఉండేది కాదు. దాన్ని సెక్షన్ 14 పూర్తి హక్కుగా మార్చింది. రెండోది, వీలునామా రాయకుండా తండ్రి చనిపోతే ఆయన ఆస్తిలో భార్య, తల్లి, కొడుకులు, కూతుళ్ళు అందరికీ సమాన భాగం. వినడానికి బాగానే ఉంది. కానీ తాతముత్తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే వాటా ఉండేది, కూతురికి ఉండేది కాదు.

తల్లి లేని ఇంట్లో తండ్రి, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారనుకుందాం. ఉమ్మడి పొలం 4 ఎకరాలు. పాత లెక్కలో తండ్రీకొడుకులకు చెరో 2 ఎకరాలు. తండ్రి పోయాక ఆయన 2 ఎకరాలను పిల్లలిద్దరూ పంచుకుంటారు. కొడుక్కి 3, కూతురికి 1. చట్టం సమానమనే చెప్పింది, పంపకం మాత్రం ఇలా వచ్చింది. కూతురికి కూడా పుట్టుకతో వాటా ఇస్తేనే ఇది 2, 2 అవుతుంది.

ఆ పని దేశంలో ముందు వరుసలో చేసిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. కానీ ఆ రోజుకు పెళ్ళి కాని కూతుళ్ళకే. ఒకే ఇంట్లో 1984లో పెళ్ళయిన అక్కకు వాటా లేదు, 1986లో పెళ్ళయిన చెల్లెలికి ఉంది. ఆ తేడా పోవడానికి 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణ కావాల్సి వచ్చింది. ఆ రోజుకి తండ్రి బతికి ఉంటేనే వర్తిస్తుందా అని మరో 15 ఏళ్ళు కోర్టుల్లో నలిగింది. ఉండక్కర్లేదు, ఇది పుట్టుకతో వచ్చే హక్కు అని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే సక్రమంగా జరిగిపోయిన పంపకాలను మాత్రం కదపడానికి లేదు. తండ్రి స్వార్జితం సంగతి వేరే: దాన్ని ఆయన వీలునామా రాసి ఎవరికైనా ఇచ్చుకోవచ్చు.

ఇంత దూరం వచ్చిన చట్టం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బల్ల మీద ఏమవుతుందో నేనొకసారి చూశాను. బంధువుల పని మీద నగరంలోనే ఒక ఆఫీసుకి వెళ్ళి కూర్చున్నాను. పక్కన ముగ్గురు అక్కచెల్లెళ్ళు, వాళ్ళ తమ్ముడు. అక్కచెల్లెళ్ళ వాటాలు తమ్ముడికి వదిలేస్తున్నట్టు విడుదల దస్తావేజు. "ఇష్టపూర్వకంగానే కదమ్మా?" అని డాక్యుమెంట్ రైటర్ అడిగాడు. పెద్దావిడ వెంటనే, "ఇష్టమేటి బాబూ, పుట్టిల్లు ఉండాలి గదా" అంది. తమ్ముడు చెడ్డవాడేం కాదు. ఎండలో వచ్చారని అక్కలకి మజ్జిగ తెచ్చిచ్చాడు. ఆ మజ్జిగ చేతిలో పట్టుకునే సంతకాలు పెట్టారు.

ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. వాటా అడిగితే పండక్కి పిలుపు ఉండదు, సారె ఉండదు, భర్తతో మాట తేడా వచ్చినప్పుడు వెళ్ళి నాలుగు రోజులు ఉండటానికి చోటుండదు. ఆవిడ వదులుకున్నది పొలం, కొనుక్కున్నది పుట్టిల్లు. దీన్ని అజ్ఞానం అనడానికి నాకు మనసొప్పదు, లెక్క చూసుకునే పెట్టింది సంతకం. 'కట్నం ఇచ్చాం కదా' అనే మాట కూడా అక్కడ తరచూ వినబడుతుంది. ఆ కట్నం ఆమె పేరు మీద ఎక్కడుంది? 1961 నుంచి నేరమైన కట్నం అత్తవారింటికి వెళ్తుంది, దాన్ని చూపించి ఆమె వాటా కొట్టేస్తారు. పూర్వం పసుపు కుంకుమ కింద కూతురికి రాసిచ్చిన చెక్కలో కనీసం ఆమె పేరుండేది. ఒక సంగతి మాత్రం తెలుసుకుని ఉండటం మంచిది: 'నాకొద్దులే' అని నోటితో అన్నంత మాత్రాన స్థిరాస్తిలో వాటా పోదు. రిజిస్టరు కావాలి. రిజిస్టరయ్యాక వెనక్కి తిప్పడం చాలా కష్టం.

పొలం కాగితం మీదకు రాని పేరు అప్పు కాగితం మీదకు మాత్రం తొందరగా ఎక్కింది. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి 1992లో లేచిన సారా వ్యతిరేక ఉద్యమం 1993 అక్టోబరులో సారా నిషేధం సాధించింది. రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దిన ఆడవాళ్ళే దానికి ముందు నడిచారు. 1995లో వచ్చిన పూర్తి మద్య నిషేధం రెండేళ్ళకే సడలిపోయింది గానీ, ఆ కదలిక నుంచి పొదుపు సంఘాలు ఊరూరా నిలబడ్డాయి. డ్వాక్రా అక్కచెల్లెమ్మలు బ్యాంకు మెట్లెక్కారు, సంతకం నేర్చుకున్నారు. దీన్ని తక్కువ చేసి చూసేవాళ్ళతో నేను ఏకీభవించను. బ్యాంకు మేనేజరుతో కూర్చుని మాట్లాడటమే ఎరగని తరానికి అది పెద్ద మెట్టు. కానీ ఆ అప్పు ఇంటి అవసరానికో భర్త వ్యాపారానికో వెళ్ళినా తీర్చే బాధ్యత ఆమెది. 2010లో మైక్రో ఫైనాన్స్ కంపెనీల వసూళ్ళ ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు ఎంత దాకా వెళ్ళాయంటే, ఆ అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది.

కాగితం మీద పేరు ఆస్తి రూపంలో వచ్చిన చోటు ఇళ్ళ పట్టాలు. 2022 ఏప్రిల్ 28న సబ్బవరం దగ్గర పైడివాడ అగ్రహారంలో పంపిణీ మొదలైన పట్టాలు ఆడవాళ్ళ పేరు మీదే ఉన్నాయి. విశాఖవాసుల కోసం కేటాయించినవి లక్షకు పైనే. స్థలం ఊరికి దూరం, పనిపాటలకు రోజూ ఎలా వెళ్ళి రావాలన్న ప్రశ్న అప్పుడే వచ్చింది, అది న్యాయమైనదే. అయినా ఇంట్లో గొడవ ముదిరి 'నా ఇంట్లోంచి పో' అనే మాట వచ్చినప్పుడు ఆ పట్టా విలువ తెలుస్తుంది. పట్టా లేకపోయినా, 2005 నాటి గృహహింస చట్టం ప్రకారం కాపురం ఉన్న ఇంట్లో నివసించే హక్కు ఆమెకుంది. ఈ మాట తెలిసినవాళ్ళు తక్కువ.

ఇక పని. పెద జాలారిపేట వైపు తెల్లవారుజామున వెళ్తే సముద్రం మీద మగవాళ్ళు, ఒడ్డు మీద ఆడవాళ్ళు కనిపిస్తారు. పడవ ఒడ్డుకు చేరిన క్షణం నుంచి చేప వాళ్ళది: వేరు చెయ్యడం, వేలంపాట పాడుకోవడం, ఎండబెట్టడం, గంపనెత్తుకుని వీధులు తిరగడం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులకు ప్రభుత్వమిచ్చే భృతి 2025లో 20 వేల రూపాయలైంది. అది వేటకు వెళ్ళేవాళ్ళకు. చేప లేకపోతే ఒడ్డున గంప కూడా ఖాళీయే కదా? "వల మగోడిదైతే బేరం మాది, మరి మాకేటి?" అని అక్కడొక పెద్దమ్మ అడిగింది. జవాబు చెప్పడానికి నా దగ్గరేమీ లేకపోయింది. ఆమె పని పనిగా ఏ రిజిస్టరులోనూ లెక్కకు రాకపోవడమే అసలు కారణం. పనిచేసే మనిషిగా పేరు నమోదు కానిచోట నష్టపోయిన మనిషిగా కూడా పేరు రాదు.

అచ్యుతాపురం దుస్తుల ఫ్యాక్టరీల్లో కుట్టే అమ్మాయిలకు ఆ ఇబ్బంది లేదు. వాళ్ళకు గుర్తింపు కార్డుంది, జీతం చీటీ ఉంది. వాళ్ళ ప్రశ్న వేరు: సూపర్‌వైజర్ చెయ్యి వేస్తే ఎవరికి చెప్పాలి? ఇక్కడ మన ఊరివాళ్ళు తరచూ పొరబడే ఒక సంగతుంది. 'విశాఖ తీర్పు' అనేది మన విశాఖపట్నానికి సంబంధించింది కాదు. రాజస్థాన్‌లో బాల్యవివాహం ఆపబోయినందుకు 1992లో సామూహిక అత్యాచారానికి గురైన ప్రభుత్వ కార్యకర్త భన్వరీదేవి ఉదంతం తర్వాత, అక్కడి 'విశాఖ' అనే సంస్థ, మరికొందరు కలిసి వేసిన కేసు అది. 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది, చట్టం రావడానికి ఇంకో 16 ఏళ్ళు పట్టింది. 2013 చట్టం ప్రకారం పది మంది పనిచేసే ఏ చోటైనా ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న చోట్ల పనిచేసేవాళ్ళు, ఇళ్ళలో పనిమనుషులు జిల్లా స్థాయి కమిటీకి వెళ్ళొచ్చు. అపార్ట్‌మెంట్లలో అంట్లు తోమే ఎంతమందికి ఈ కమిటీ సంగతి తెలుసు? మీ ఇంట్లో పనిచేసే ఆవిడని ఒకసారి అడిగి చూడండి.

స్త్రీ ఓటు సంగతికి మళ్ళీ వద్దాం, ఎందుకంటే అది అన్నింటికంటే ముందు వచ్చింది. 2024 ఎన్నికల నాటికి ఆంధ్రప్రదేశ్‌లో మహిళా ఓటర్లు 2.10 కోట్లు, పురుషులు 2.03 కోట్లు. ఓటు వేసేవాళ్ళలో ఆమెదే పైచేయి, ఓటు వేయించుకునేవాళ్ళలో కాదు. 1952 నుంచి 2024 దాకా జరిగిన 18 సాధారణ ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచిన స్త్రీలు ఇద్దరే: 1989లో ఉమా గజపతిరాజు, 2009లో దగ్గుబాటి పురందేశ్వరి. ఆడవాళ్ళకు మూడో వంతు సీట్లిచ్చే చట్టం 2023 సెప్టెంబరులో వచ్చింది. దాని అమలును జనగణనకు, ఆ తర్వాత జరిగే నియోజకవర్గాల పునర్విభజనకు ముడిపెట్టారు, అందుకే 2024లో అది పనిచేయలేదు.

రిజర్వేషన్ ఉన్నచోట ఏం జరిగిందో చూడటానికి మన నగరపాలక సంస్థే చాలు. పంచాయతీలు, నగరపాలక సంస్థల కోసం తెచ్చిన రాజ్యాంగ 73, 74వ సవరణలు 1993లో ఆడవాళ్ళకు మూడో వంతు సీట్లు ఇస్తే, రాష్ట్రం దాన్ని సగం చేసింది. 2021లో 98 వార్డులకు ఎన్నికలు జరిగాక మేయరైంది కూడా ఒక మహిళే, గొలగాని హరి వెంకట కుమారి. ఫ్లెక్సీలో వార్డులో గెలిచినావిడ ఫొటో పక్కన భర్త ఫొటో, ఫోన్ చేస్తే ఎత్తేది భర్త, ఇలాంటి ఇళ్ళు చాలానే ఉన్నాయి. దాన్ని చూపించి రిజర్వేషన్ దండగ అనేవాళ్ళుంటారు. నేను అలా అనుకోను. మొదటిసారి భర్త చాటున కూర్చున్న ఆవిడే రెండో ఏట కాలువ పనుల బిల్లు గురించి తనే అడగడం నేను చూశాను. పార్లమెంటులో ఆ మొదటి ఐదేళ్ళ అనుభవానికే ఇంకా చోటివ్వలేదు.

ఇదంతా మైదానం కథ. 2022 జిల్లాల విభజనకు ముందు విశాఖ జిల్లాలో సగానికి పైగా విస్తీర్ణం ఏజెన్సీదే. అక్కడి ఆదివాసీ స్త్రీకి నేను పైన చెప్పిన 1956, 2005 తేదీలేవీ వర్తించవు. హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదని ఆ చట్టంలోనే, సెక్షన్ 2(2)లో ఉంది. ఆచారం ఏది చెబితే అదే. 2025 జూలైలో ఛత్తీస్‌గఢ్ గోండుల కేసులో, ఆడవాళ్ళను మినహాయించే ఆచారం ఉందని రుజువు కానప్పుడు కూతురికి వాటా ఇవ్వకపోవడం వివక్షేనని సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం మాత్రం మారలేదు. చిత్రంగా అడవి హక్కుల్లో ఆమె పరిస్థితి మైదానం స్త్రీ కంటే మెరుగు: 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పోడు పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా రాయాలి. తండ్రి పొలంలో ఆమె పేరు ఉండకపోవచ్చు, కొండ మీది పట్టాలో ఉండి తీరాలి.

ఆ కొండల్లోనే జి.మాడుగుల మండలంలో వాకపల్లి ఉంది. 2007 ఆగస్టు 20న కూంబింగుకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై సామూహిక అత్యాచారం చేశారని ఆ ఊరి కోందు తెగ స్త్రీలు 11 మంది ఫిర్యాదు చేశారు. కొండ దిగి, భాష సరిగా రాని ఆఫీసుల ముందు నిలబడి, ఏళ్ళ తరబడి అదే మాట చెప్పారు. విచారణ మొదలవడానికే సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నం ప్రత్యేక కోర్టు విచారణ ఎదుర్కొన్న 13 మంది పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు అధికారులు దర్యాప్తు సరిగా చేయలేదని అదే తీర్పులో చెప్పింది, న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలని కూడా ఆదేశించింది. పరిహారం పొందాల్సిన స్త్రీలు ఆ తీర్పులో ఉన్నారు, శిక్ష పడినవాళ్ళు ఎవరూ లేరు. ఫిర్యాదు రాసిన రోజుకీ ఆ రోజుకీ మధ్య 15 ఏళ్ళ ఏడు నెలలు గడిచాయి.